పురిటి ఇటుక

మహానీలా నది ఒడ్డున మరునీల రాజ్యాన్ని ఏలిన రాజులకు ఒక వింత పట్టింపు ఉండేది. తండ్రి కాపురం చేసిన మేడలో కొడుకు కాపురం పెట్టేవాడు కాదు. పట్టాభిషేకపు అక్షింతలు తలమీద ఉండగానే కొత్తరాజు తండ్రి మేడ పెరటి గోడకు ఆనించి తన మేడకు పునాది తీయించేవాడు. పాతమేడను దీపం ఆర్పి, తలుపు దగ్గరికి వేసి, ఇసుకకు అప్పగించేవాళ్ళు. పైగా గోడలకు కొండరాయి సమాధుల్లోనే వాడాలనీ, బతికున్నవాళ్ళు ఉండే ఇల్లు ఎంత రాజుదైనా ఎండిన మట్టి ఇటుకతోనే కట్టాలనీ వాళ్ళ శాస్త్రం. అందుకే ఆ దేశంలో చచ్చినవాళ్ళ ఇళ్ళు నిక్షేపంగా ఉండేవి, బతికున్నవాళ్ళ ఇళ్ళు ఏ ఏటికా ఏడు మరమ్మతులో ఉండేవి.

అలా వంశంలో ఎందరు రాజులో అన్ని మేడలు, ఒకదాని వీపుకు ఒకటి ఆనుకుని, ఏటి నుంచి ఎడారి మెరక దాకా బారులు తీరాయి. ఏటి అంచున అన్నిటికంటే పాతది, తామరకాడల కట్టల్లాంటి స్తంభాలతో, నేలంతా రంగుల చిత్రాలతో ఉన్న మొదటిరాజు మేడ. దాని వెనక పాలరాతి స్నానఘట్టాల మేడలు. ఆ వెనక చెక్కజాలీల కిటికీలు, రంగుటద్దాల గుమ్మటాలు ఉన్న మహళ్ళు. ఆ చివర, మెరక మీద, పరాయి ఓడల్లో దిగిన దీపాల గుత్తులతో, గంటలు కొట్టే గడియారాలతో, మఖమల్ కుర్చీలతో ముస్తాబైన అద్దాల మేడ. దాని వెనకే ఇప్పటి మహారాజు మణిమంతుడి మేడ. ఇంత బారులో మనుషులు మసిలేది ఆ ఒక్కదానిలోనే. మిగతావాటిలో ఇసుకా, గబ్బిలాలూ, ఇప్పుడు ఒక మాంత్రికుడు పెట్టిన కాపలా.

ఆ మధ్యాహ్నం అద్దాల మేడ తలుపు ముందు నీళ్ళు మోసేవాడి వేషంలో ఒక యువకుడు నిలబడి ఉన్నాడు. భుజాన తోలుతిత్తి, ఒంటిమీద ముతక గుడ్డ, నడుముకు ఒక తాడు. తాడు రెండో కొస శైవలి అనే పడవపిల్ల నడుముకు కట్టి ఉంది. ఆ యువకుడు మణిమంతుడి ఏకైక కుమారుడు కువలయుడు. ఆ సంగతి ఇప్పుడు ఈ భూమ్మీద అతనికీ, ఆ మాంత్రికుడికీ తప్ప ఎవరికీ తెలియదు.

అంత ఘోరం ఎలా జరిగిందంటే, మరునీలలో రాణి పురిటిపీట పచ్చిమట్టి ఇటుకలతో పేరుస్తారు. బిడ్డ భూమ్మీద పడగానే మంత్రసాని పేరు పెట్టి, ఆ పేరును ఒక ఇటుక మీద ముద్ర వేస్తుంది. దాన్ని కాల్చరు. ఎండబెట్టి, ఆ బిడ్డ ఊయల పైగోడలో అమరుస్తారు. పేరు ఇటుకలో ఉంటుందని, ఇటుక ఉన్నన్నాళ్ళూ ఉంటుందని వాళ్ళ నమ్మకం. శిలాద్వీపం నుంచి వైద్యుడిగా వచ్చి కొలువులో చేరిన కరంకుడనే మాంత్రికుడు కువలయుడి ఇటుకను గోడలోంచి దొంగిలించి, దాని వెనకవైపు ఒక మంత్రం గీకాడు. ఆ పూట నుంచి కువలయుణ్ణి చూసినవాళ్ళు చూపు పక్కకు తిప్పగానే అతన్ని మరిచిపోసాగారు. కన్నతల్లి అతని ముఖం చూసి, ఎవరమ్మా ఈ అబ్బాయి, దాహమేస్తోందేమో మంచినీళ్ళివ్వండి అని చెలికత్తెకు చెప్పి, అటు తిరిగి, మళ్ళీ ఇటు తిరిగి అదే మాట అంది. కువలయుడు ఆ మంచినీళ్ళు తాగి బయటికి వచ్చేశాడు.

అతన్ని మరవనిది ఒక్క మంత్రసాని కపిలవ్వ. ఆమెకు చూపు లేదు. కంటితో చూసినవాళ్ళకే పట్టే మంత్రం ఆమెను ముట్టలేకపోయింది. ఇటుకను చేత్తో పగలగొడితే ఆ పాపం కొట్టినవాడికే తగులుతుంది కాబట్టి, కరంకుడు దాన్ని మొదటిరాజు మేడలో పెట్టాడనీ, కొత్తనీరు వచ్చి దాన్ని కరిగిస్తే కువలయుడి పేరు కువలయుడికే గుర్తుండదనీ, దాని వెంట మిగతా జ్ఞాపకాలూ ఒక్కొక్కటే పోతాయనీ ఆమె చెప్పింది. ఇటుక దొరికితే తండ్రి పాదాల దగ్గర పెట్టాలి, అప్పుడు పోయినదంతా తిరిగి వస్తుంది. చెప్పి, పేరు పెట్టి పిలిచి, తల నిమిరి, నిన్న కన్నుమూసింది. తన మనవరాలు శైవలికి చివరి మాటగా తాడు చివర ఎవరున్నా వదలొద్దని మాత్రం చెప్పింది.

ఇవాళే కొత్తనీటి పండుగ. పొద్దు గుంకే వేళ యువరాజు తండ్రి మేడలోని దర్శన గవాక్షంలో నిలబడి ప్రజలకు కనిపించాలి. అక్కడ కనిపించి జేజేలు అందుకున్నవాడే ఆ తరవాత రాజు. కొడుకున్నాడన్న సంగతే మరిచి మంచం పట్టిన మణిమంతుడి పక్కన ఇప్పుడు యువరాజు పేరుతో కూర్చున్నది కరంకుడు.

పాతమేడలన్నిటి పక్కగోడలూ కప్పుదాకా ఇసుకలో కూరుకుపోయాయి. మొదటిరాజు మేడ ఏటివైపు ద్వారాన్ని ఎప్పుడో రాతితో మూసేశారు, దాని గవాక్షం పడవకు అందదు. కాబట్టి పాతమేడకు వెళ్ళాలంటే కొత్తదాంట్లోంచి ఒక్కొక్కటే దాటుకుంటూ పోవాలి. కువలయుడు భుజం ఆనించి తలుపు తోశాడు. ఇద్దరూ లోపలికి దూరారు. శైవలి వెనక్కి తిరిగి తలుపు మూసి, ఇటు తిరిగింది.

“ఎవరయ్యా నువ్వు? నా నడుముకు ఈ తాడేంటి?”

“ముడి చూడు,” అన్నాడు కువలయుడు.

మహానీలా మీది పడవవాళ్ళలో ఇంటికొక ముడి ఉంటుంది. దాన్ని ఇంటి అల్లుడికి కూడా నేర్పరు. పడవ ఎవరిదో దాన్ని కట్టిన ముడే చెబుతుంది. శైవలి తాడు రెండు కొసలూ వేళ్ళతో తడిమి చూసుకుంది.

“మా ఇంటి ముడే. నేనే కట్టానన్నమాట. ఊరికే కట్టను. అయితే పద.”

పొద్దున మొదటిసారి ఆమె అడిగినప్పుడు కువలయుడు తన కథంతా చెప్పాడు. రెండోసారి సగం చెప్పాడు. ఎండ పైకెక్కే కొద్దీ కథ చిన్నదైపోయి, ఇప్పుడు రెండు మాటలకు వచ్చి ఆగింది. ఆమె మీద అతనికి కోపం లేదు. కాని రోజంతా పక్కన నడిచిన మనిషి పదేపదే కొత్తగా చూస్తుంటే ఎవరికైనా మనసు చిన్నబోతుంది, రాకుమారుడైనంత మాత్రాన చిన్నబోకుండా పోదు.

లోపల విందుశాల ఈ చివర నుంచి ఆ చివర దాకా అద్దాలే. పైన దీపాల గుత్తులకు బూజు వేలాడుతోంది. గడియారాలన్నీ తలో వేళ చూపిస్తూ ఆగిపోయి ఉన్నాయి. బల్లమీద పళ్ళేలు వరసగా బోర్లించి ఉన్నాయి, ఎవరో వస్తారని చెప్పి రాకుండా పోయినట్టు. చిన్నప్పుడు సెలవు దొరికితే కువలయుడు తాత జ్ఞాపకాల కోసం ఇక్కడికి పరుగెత్తుకొచ్చేవాడు. గోడమీద వంశచిత్రంలో తల్లి ఒళ్ళో తనుండే చోటికి చూశాడు. ఒడి ఖాళీగా ఉంది.

కరంకుడి మాయ ఆ శాలలో పొంచి ఉందని అతనికి తెలుసు. అయినా మోసపోయాడు. ఎడమవైపు అద్దంలో తల్లి కనిపించింది. ఆమె వెనక పళ్ళెంలో వేడి అన్నం, పక్కన నెయ్యిగిన్నె. ఆమె కళ్ళు అతన్ని గుర్తుపట్టాయి.

“కువలయా, ఎంతసేపు నాన్నా? అన్నం చల్లారిపోతోంది.”

నెలల తరబడి తల్లి నోట వినని పేరు. అది మాయేనని మనసు చెబుతున్నా కాళ్ళు వినలేదు. అద్దం నీళ్ళలా మెత్తబడింది. అతని చెయ్యి మోచేతిదాకా లోపలికి పోయింది, ఆ తరవాత భుజం, ఆ తరవాత సగం ముఖం. లోపల చల్లగా, ప్రాణానికి హాయిగా ఉంది.

అప్పుడు నడుము దగ్గర తాడు చురుక్కుమని లాగింది. అవతలి తలుపు వైపు చూస్తూ నడుస్తున్న శైవలికి తన వెనక ఒక మనిషి ఉన్నాడన్న జ్ఞాపకం లేదు. తాడు బిగుసుకుంది. చూస్తే తన ముడి. తాడు చివర అద్దంలోకి జారిపోతున్న ఎవరో యువకుడు. ఆమె ఇంకేమీ ఆలోచించకుండా బల్ల కాలికి పాదం తన్నిపెట్టి, లంగరు లాగినట్టు రెండు చేతులా లాగింది. అద్దం భళ్ళున పగిలి, కువలయుడు నేలమీద వెల్లకిలా పడ్డాడు. ముక్కల్లో తల్లి ముఖం కాసేపు మెరిసి ఆరిపోయింది. అతనికి ఏడుపొచ్చింది. ఆడపిల్ల ముందు ఏడవడమేమిటని అనుకుని, మరుక్షణం ఆమెకు అదీ గుర్తుండదని తోచి, దాచుకోకుండా ఏడ్చాడు.

ఆమె పైటచెంగుతో అతని ముఖం మీది గాజుపొడి దులిపి, ఎవరయ్యా నువ్వు అని అడిగింది. అతను ముడి చూపించాడు. ఇద్దరూ లేచి, విందుశాల వెనక తలుపు తీసుకుని జాలీ మహలులోకి దిగారు.

జాలీ మహలు ఎంత అందమైనదో చెప్పడానికి నాకు నోరు చాలదు. కిటికీకి కిటికీకి మధ్య గోడంటూ లేకుండా, గుమ్మడిగింజంత రంధ్రాల చెక్కపని. పైన గుమ్మటంలోంచి ఎరుపూ పచ్చా నీలమూ నేలమీద వాలి, ఎండ జరిగే కొద్దీ నెమ్మదిగా జరుగుతుంటాయి. ఒకప్పుడు అంతఃపుర కాంతలు ఆ జాలీల వెనక కూర్చుని బయటి లోకాన్ని చూసేవాళ్ళట. వాళ్ళను మాత్రం లోకం చూసేది కాదు. ఈ వేళ కువలయుడికి వాళ్ళ బాధ బాగా తెలిసివచ్చింది.

అడుగుల చప్పుడు వినబడగానే శైవలి ఒక జాలీ తెర వెనక్కి దూరింది. తాడు జాలీ కింది సందులోంచి ఇవతలికి వచ్చింది. మహలు నడుమ ఎండిపోయిన జలయంత్రం పక్కనుంచి కరంకుడి కాపలావాళ్ళు వచ్చారు. మనిషి ఒళ్ళు, డేగ తల, చేతిలో బల్లెం.

మొదటివాడు ఆగమని గద్దించి, తోటివాణ్ణి పిలవడానికి తల తిప్పాడు. అంతే, ఎందుకు పిలిచాడో వాడికే తెలియలేదు. రెండోవాడు వచ్చి, ఏమిటని అడిగాడు. ఏమీ లేదన్నాడు మొదటివాడు. ఇద్దరూ తిరిగి చూసేసరికి ఎదురుగా నీళ్ళతిత్తి మనిషి. మళ్ళీ గద్దింపు, మళ్ళీ తల తిప్పడం. ఇలా వాళ్ళిద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూ, పగటి కలలు కంటున్నావంటే నువ్వు కంటున్నావనుకుంటూ వెళ్ళిపోయారు. శాపం కూడా ఒక్కోసారి అక్కరకు వస్తుందని కువలయుడు నవ్వుకోబోయాడు. ఆ నవ్వు పెదవిదాకా రాలేదు.

ఎందుకంటే వాళ్ళ నాయకుడు ఎదురుగా నిలబడ్డాడు. డేగకు ఒక కన్ను ఇటు, ఒక కన్ను అటు. మిగతావాళ్ళకు తోచని ఉపాయం వాడికి తోచింది. ఒక కన్నుతో కువలయుణ్ణి వదలకుండా చూస్తూనే రెండో కన్నుతో మహలంతా గాలిస్తున్నాడు. బల్లెం మొన కువలయుడి గొంతుకు ఆనింది.

“నిన్ను మరవను. నువ్వు కువలయుడివి. నువ్వొస్తావని మా ఏలిక చెప్పాడు,” అన్నాడు నాయకుడు.

కువలయుడు వేట చేసిన ఇంటి పిల్లవాడు. ఎంత పొగరుబోతు డేగైనా తలకు తోలుటోపీ తొడగ్గానే పసిపిల్లలా సద్దుమణుగుతుందని తెలుసు. అతను భుజం మీది తిత్తిని ముందుకు లాగి, తెగబడి బల్లెం మీదకే వాలి, కటారితో తిత్తి పక్కను పరపరా కోశాడు. నీళ్ళు కాపలావాడి కళ్ళలో చిమ్మాయి. వాడు తల విదిలించేలోపు ఖాళీ తిత్తి వాడి ముక్కు దాటి మెడదాకా దిగింది. రెక్కల్లేని చేతులు రెండుసార్లు కొట్టుకున్నాయి. తరవాత వాడు బల్లెం జారవిడిచి, నిలుచున్నచోటే కునుకు తీయసాగాడు.

కువలయుడి మెడమీద నెత్తురు సన్నగా కారుతోంది. దాన్ని తుడుచుకుంటూ అతను వాడినే చూశాడు. శత్రువే కావచ్చు, కాని ఇన్ని నెలల్లో బతికున్న కంటితో చూసి తనను గుర్తుపెట్టుకున్నవాడు వాడొక్కడే. వాడి కళ్ళు తానే మూశాడు.

“ఎవరయ్యా నువ్వు?” అంది జాలీ వెనకనుంచి శైవలి. “ఈ తాడు...”

“ముడి చూడు,” అన్నాడతను, అటు తిరక్కుండానే.

ఇక అక్కడినుంచి పరుగే పరుగు. పాలరాతి స్నానఘట్టాల మేడలో మెట్లన్నీ ఇసుకజారుడే, కూర్చుని జారిపోయారు. ఆ కింది మేడలో కప్పు కూలుతుంటే కూలే కప్పు కిందనుంచే దూకారు. ఒకచోట పాములపుట్ట, ఒకచోట కాలు పెడితే కుంగే నేల. ప్రతి మేడకూ ఒక దర్శన గవాక్షం ఉంది. ప్రతి గవాక్షమూ తరవాతి రాజు మేడ గోడతో మూసుకుపోయి ఉంది. ఇక్కడ నిలబడి చెయ్యెత్తితే ఊరు ఊరంతా జేజేలు కొట్టిన రాజుల ఎదుట ఇప్పుడు ఒట్టి గోడ. వాళ్ళందరి పేర్లూ కువలయుడికి చిన్నప్పుడు కంఠతా వచ్చు. పరుగెడుతూ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాడు. తన పేరు ఎవరూ పిలవకపోతే ఎలా ఉంటుందో అతనికి తెలిసింది కాబట్టి పిలిచాడు.

పొద్దు వాలుతుండగా మొదటిరాజు మేడ చేరారు.

ఆ మేడలో నేలమీదే చెరువు ఉంది. నిజం చెరువు కాదు, రంగులతో గీసింది. నీలపు నీళ్ళలో చేపలు, తామరలు, రెల్లులోంచి లేస్తున్న బాతులు. చెరువు నడుమ గవాక్షం దాకా ఒక దారి. ఆ దారి పొడుగునా, చేతులు వెనక్కి విరిచికట్టిన బందీలను బారుగా బొమ్మలు వేశారు. రాజు కొలువుకు వచ్చేటప్పుడు వాళ్ళ తలలు తొక్కుకుంటూ రావాలని ఆచారం. గట్టిగా తొక్కితే శత్రువు అణుగుతాడట. కువలయుడికి చిన్నప్పుడు నడక నేర్పినప్పుడే అదీ నేర్పారు.

అతని పాదం మొదటి బొమ్మమీద లేచి, అక్కడే ఆగింది. ఆ ముఖానికి ఊరూ పేరూ లేవు. అతను పాదం వెనక్కి తీసి, చెరువు గట్టు వెంబడి చుట్టూ తిరిగి నడిచాడు. శైవలీ అలాగే నడిచింది.

నేలమీద ఒక బొమ్మ తలెత్తింది.

“అందరూ తొక్కే పోయారు. నువ్వెందుకు చుట్టు తిరిగావు?”

కువలయుడు బెదరలేదు. ఆ రోజు బెదరాల్సినవన్నీ అయిపోయాయి. మీ పేర్లేమిటని అడిగాడు. పేర్లు రాయలేదని, చేతులకు తాళ్ళు మాత్రం గీశారని బొమ్మ చెప్పింది. మొన్న శిలాద్వీపపు మనిషి ఒకడు తమ ముఖాల మీద మడమలతో నడిచి, గవాక్షం కింద రాజు కాళ్ళు ఆనించే పీటలో ఒక మట్టి ఇటుకను పూడ్చి పోయాడని కూడా చెప్పింది. చెప్పాక తల వాల్చి మళ్ళీ బొమ్మైపోయింది.

కువలయుడు పీట దగ్గర మోకాళ్ళమీద కూలబడి కటారితో తవ్వసాగాడు. శైవలి ముక్కుపుటాలు ఎగరేసింది. పడవవాళ్ళకు కొత్తనీరు కంటికంటే ముందు వాసనకు తెలుస్తుంది.

“వచ్చేసింది,” అంది. స్నానాల గది తూమును ఎవరో ఏటికి తెరిచి ఉంచారని వాసనను బట్టే పసిగట్టి, తాడు అందినంత దూరం పరుగెత్తి, పైబట్ట చుట్టి తూములో కుక్కి, వీపు ఆనించి నిలబడింది. ఎవరికోసం చేస్తోందో ఆమెకు అప్పటికే తెలియదు. నడుముకు తన ముడి ఉంది, అవ్వ మాట ఉంది.

కటారికి ఏదో తగిలింది. కువలయుడు రెండు చేతులా మట్టి తోడి పైకి తీశాడు. ఇటుక. అరచేతి వెడల్పు, మధ్యమధ్య గడ్డిపరకలు. ఒకవైపు అవ్వ వేసిన ముద్ర, అతని పేరు. వెనకవైపు కరంకుడి గీతలు. అతను దాన్ని గుండెకు హత్తుకున్నాడు. ఇక తండ్రి పాదాల దగ్గర పెట్టడమే. తల్లి పిలుస్తుంది. నిజం తల్లి, నిజం అన్నం.

అప్పుడే గోడ కూలింది. మట్టిగోడ ఎంతసేపు ఆగుతుంది? తూము పక్కన గోడంతా ఒక్కసారిగా జావై, ఎర్రటి నీరు ఏనుగంత ఎత్తున లోపలికి విరుచుకుపడింది. వచ్చిన నీరు అంతే జోరుగా వెనక్కి లాగింది. ఆ లాగుడుకు శైవలి కొట్టుకుపోయి గోడగండిలోకి జారింది. తాడు బిగిసింది. కువలయుడు బోర్లాపడి, చెరువు బొమ్మ మీదుగా ఈడ్చుకుపోయి, తామర స్తంభానికి కాలు మెలేసి ఆగాడు. కుడిచేత్తో తాడు పట్టుకున్నాడు. ఎడమచేతిలో ఇటుకను నీళ్ళకు అందకుండా తలకంటే ఎత్తున పట్టుకున్నాడు. ఒంటిచేతి పట్టు జానెడు జానెడు జారిపోతోంది.

ఆమె తల నీళ్ళ పైకి తేలింది. అతన్ని చూసింది, ఎన్నడూ ఎరగని మనిషిని చూసినట్టు.

“ఎవరయ్యా నువ్వు? తాడు వదులు. నువ్వూ పోతావు.” అంటూనే ఆమె చెయ్యి నడుము మీది ముడి మీదకు పోయింది. ఎవరో దారినపోయే మనిషిని తనతోపాటు ముంచడం ఎందుకని, ముడి విప్పుకోబోతోంది.

“విప్పకు. నేను కువలయుణ్ణి. తాడు చివరివాణ్ణి. విప్పకు, శైవలీ.”

ఆ మాట అంటూ అతను రెండో చెయ్యి తాడు మీద వేశాడు. ఇటుక జారి నీళ్ళలో పడింది. మంత్రం గీకిన వైపు కిందికి, పేరున్న వైపు పైకి.

అతను అటు చూడలేదు. జబ్బలు ఊడిపోయేలా లాగాడు. నీరు అతని నడుముదాకా, ఛాతీదాకా వచ్చింది. నేలమీది బందీల రంగు కరిగి నీళ్ళలో కలుస్తోంది. అన్నిటికంటే ముందు వాళ్ళ చేతుల తాళ్ళ రంగు కరిగింది. శైవలి వేళ్ళు అతని మణికట్టుకు దొరికాయి. ఇద్దరూ స్తంభాన్ని పట్టుకుని ఎగబాకి, గవాక్షం అంచుమీద పడ్డారు. ఎక్కబోయే ముందు అతను నీళ్ళలో చెయ్యి పెట్టి ఇటుక కోసం తడిమాడు. ఇంత బురదా, రెండు గడ్డిపరకలూ చేతికి వచ్చాయి.

అన్ని గవాక్షాల్లోకీ ఏటివైపు తెరిచి కట్టిన అదొక్కటే మూసుకుపోలేదు. దాని ఎదురుగా ఏరు తప్ప ఇంకేమీ లేదు. సూర్యుడు నీళ్ళను ఆనుకున్నాడు. దూరాన పండుగ పడవలు దీపాలు వెలిగించుకుంటున్నాయి. శైవలి ఒళ్ళు పిండుకుంటూ ఆ పడవల వైపు చాలాసేపు చూస్తూ కూర్చుంది. అతను ఆమె తల ఇటు తిరిగే క్షణం కోసం ఎదురుచూశాడు. ఆ ప్రశ్న వస్తుంది, రెండు మాటలు చెప్పాలి. రోజంతా అలవాటైన పని.

ఆమె ఇటు తిరిగింది.

“చలేస్తోందా?” అంది.

అతను ఆమెనే చూశాడు. కరంకుడు రాతిదేశంవాడు. రాతిమీద గీసినట్టే మట్టిమీదా గీశాడు, నీరు పేరుతోపాటు తన మంత్రాన్నీ తినేస్తుందని వాడికి తట్టలేదు. కింది వైపు ముందు కరిగింది. మంత్రం పోయింది. ఇక ఎవరూ అతన్ని కొత్తగా మరిచిపోరు. కాని పోయిన జ్ఞాపకాలు తండ్రి పాదాల దగ్గరికి చేరాల్సిన ఇటుకతోపాటే ఏట్లో కలిశాయి.

సంతోషంతో తన పేరు చెప్పబోయాడు. నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడినుంచి వెనక్కి జారిపోయింది. మళ్ళీ ప్రయత్నించాడు. తెలిసిన ఇంట్లో చీకట్లో గోడ తడుముతుంటే తలుపు చేతికి తగలనట్టు ఉంది. మొదటిసారి అతనికి నిజంగా భయం వేసింది.

“నేనెవర్ని?” అన్నాడు.

“కువలయుడివి. ఇందాక నీళ్ళలో నువ్వేగా చెప్పావు.”

వింటున్నంతసేపూ అది తనదే అనిపించింది. ఆమె పెదవులు మూసుకోగానే పరాయిదైపోయింది. మళ్ళీ అడిగాడు. ఆమె మళ్ళీ చెప్పింది. ఇంతకుముందు ఆమె అడిగినప్పుడు అతను విసుక్కోనట్టే ఆమె కూడా విసుక్కోలేదు. ఎందుకు విసుక్కోవాలో ఆమెకు తెలియదు కూడా, ఆ అడగడాలేవీ ఆమెకు గుర్తులేవు.

మెరక మీదనుంచి నగారాలు మోగాయి. ఇన్ని మేడల అవతల, మట్టి వాసన ఇంకా పోని కొత్త గవాక్షంలో ఒకడు చెయ్యెత్తి నిలబడి ఉంటాడు. జనం జేజేలు గాలిలో ఇంతదాకా వచ్చాయి. వాడి పేరు అందరికీ తెలుసు. శత్రువులను వదిలేస్తే, ఇతని పేరు ఈ లోకంలో ఒక్క పడవపిల్లకే తెలుసు, ఆమెకు ఈత తప్ప ఆయుధం లేదు.

కింద నీరు గవాక్షం అంచుకు జానెడు దూరంలోకి వచ్చింది. శైవలి లేచి, మేడల కప్పుల మీదుగా మెరక దాకా పోయే దారిని కళ్ళతోనే కొలిచింది. తడిసి బిగిసిన తాడును ఒకసారి లాగి చూసుకుంది.

అతను కదలలేదు. ఎక్కడికి వెళ్ళాలో, వెళ్ళి ఎవరినని చెప్పుకోవాలో అతనికి తోచలేదు. ఆమెనూ ఆ తాడునూ మార్చి మార్చి చూశాడు.

“ఎవరమ్మా నువ్వు? నా నడుముకు ఈ తాడేంటి?”

ఆమె ఆ పక్క కప్పుమీదకు ఒక కాలు చాచి, చెయ్యి అందించింది.

“ముడి చూడు,” అంది శైవలి.